కుటుంబ చరిత్రను పదిమంది కలిసి వెదకడం ఎలా

పెళ్లిలో కన్యాదానానికి ముందు పురోహితుడు రెండు వంశాల ప్రవరలు చెబుతాడు. ఫలానా గోత్రంలో పుట్టినవాడు, ఫలానా వారి మునిమనుమడు, ఫలానా వారి మనుమడు, ఫలానా వారి కుమారుడు అంటూ వరుడి పక్షాన మూడు తరాలు, అదే వరుసలో వధువు పక్షాన మూడు తరాలు వినిపిస్తాయి. ఆ పేర్లను ముందుగా కాగితం మీద రాసి పురోహితుడి చేతికి ఇవ్వవలసింది ఇంటివారే కాబట్టి, పెళ్లి పనుల హడావిడిలో ఎవరో ఒకరు ఆ కాగితం పట్టుకుని కూర్చుంటారు. తాత పేరు వరకు కలం సాఫీగా సాగుతుంది, ముత్తాత దగ్గర ఆగిపోతుంది. అలా ఆగిన చోటు నుంచి వెనక్కి ఎలా వెళ్లాలో, ఆ పనిని ఒంటరిగా కాక ఒక చిన్న బృందంగా ఎందుకు చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

బృందం ఎందుకంటే, తెలుగు కుటుంబాల ఆధారాలు ఒకచోట ఉండవు, ఒక లిపిలో ఉండవు. కోస్తా జిల్లాల పాత దస్తావేజులు గొలుసుకట్టు రాతలో ఉంటాయి. తెలంగాణ రెవెన్యూ కాగితాలలో పాతవి ఉర్దూలో ఉంటాయి. ఇనాం, అంటే దానంగా వచ్చిన భూముల రిజిస్టర్లు ఇంగ్లీషులో ఉంటాయి. జాతకచక్రాలలో తేదీ ఉండదు, తిథి ఉంటుంది. ఇవన్నీ చదవగలిగిన మనిషి దొరకడు గానీ, తలా ఒకటి చదవగలిగిన నలుగురైదుగురు ఏ చిన్న పట్టణంలోనైనా దొరుకుతారు. విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి ఒకరు, పంచాంగం తెలిసినవారు ఒకరు, ఉర్దూ చదువుకున్న పెద్దాయన ఒకరు, కంప్యూటరు వచ్చిన యువతీయువకులు ఇద్దరు ఉంటే బృందం తయారైనట్టే. బృందం పదిమందికి మించకపోవడం మేలు.

ఒకే ఇంటిపేరు వారితో బృందం కట్టాలా, ఒకే ఊరి చుట్టుపక్కల వారితో కట్టాలా అని చాలామంది అడుగుతారు. నా మట్టుకు నేను రెండోదానినే సమర్థిస్తాను. ఇంటిపేరు మీద ఏర్పడిన సంఘాలలో రెండు మూడు సమావేశాలు తిరిగేసరికి మూలపురుషుడు ఏ సంస్థానంలో సేనానాయకుడనే చర్చ మొదలై, కాగితాలు వెనకబడతాయి. ఊరి ప్రాతిపదికన కట్టిన బృందంలో ఒకరి గొప్ప మరొకరికి పట్టదు కాబట్టి, ప్రతి పేరు దగ్గరా ‘ఇది ఎవరు చెప్పారు, కాగితం ఉందా’ అని అడిగేవారు ఉంటారు. పైగా ఒకే ఊరి కుటుంబాలు ఒకరి దస్తావేజులలో మరొకరు సాక్షులుగానో, సరిహద్దు రైతులుగానో కనిపిస్తూనే ఉంటారు.

నెలకు ఒకసారి, రెండు గంటల సేపు, ఒక్కొక్క సమావేశంలో ఒక్క కుటుంబం గురించి మాత్రమే చర్చించే పద్ధతి బాగా పనిచేస్తుంది. ఆ కుటుంబం వారు తమ దగ్గరున్న కాగితాలు, ఫొటోలు తెచ్చి బల్ల మీద పెట్టాలి. మిగిలినవారు చూసి ప్రశ్నలు వేయాలి. తేలని ప్రశ్నలను ఒకరు పుస్తకంలో రాసుకుని, ఎవరు ఏ ఆఫీసుకు వెళ్లాలో, ఏ పెద్దమనిషిని కలవాలో పంచి పెట్టాలి. ఆ పుస్తకమే బృందానికి ఆస్తి.

ఇంట్లో అడగవలసినవి

మొదట ఇంట్లో పెద్ద వయసు స్త్రీలతో మాట్లాడాలి. మగవారు తమ తండ్రి వైపు వరుస ఒక్కటే చెబుతారు. ఆడవారికి పుట్టిల్లు, అత్తిల్లు, ఆడపడుచుల ఇళ్లు, వియ్యాలవారి ఇళ్లు అన్నీ నోటికి వచ్చి ఉంటాయి. ‘మీ తాతగారి పేరేమిటి’ అని అడిగితే ఒక్క ముక్కలో ముగిసే జవాబు, ‘మీ పెళ్లికి ఎవరెవరు వచ్చారు, ఎవరి ఇంట్లో దిగారు’ అని అడిగితే గంటసేపు సాగుతుంది. ఫోనులో రికార్డు చేసుకునే ముందు అనుమతి అడగాలి, రికార్డు మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడుతున్నవారి పేరు చెప్పించాలి. ఒక్కసారి కూర్చోబెట్టి అన్నీ రాబట్టాలని చూడకుండా, రెండు మూడు విడతలుగా వెళ్లాలి. రెండోసారి వెళ్లేసరికి వారే గుర్తు చేసుకుని ఉంచుతారు.

పేర్ల విషయంలో మన ఇళ్లలో కొన్ని చిక్కులు ఉన్నాయి. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. అన్నదమ్ములందరూ తమ తండ్రి పేరునే కొడుకులకు పెట్టుకుంటే ఒకే వీధిలో ముగ్గురు వెంకటసుబ్బయ్యలు తయారై, పెద, చిన, నల్ల, ఎర్ర అనే గుర్తులతో చెలామణి అవుతారు. కోడలు అత్తమామల పేరు పలకకూడదనే పట్టింపు వల్ల, నాయనమ్మ పేరు పెట్టిన పిల్లను అమ్మలు అనో, పాపాయి అనో పిలిచేవారు. రిజిస్టరులో పేరు ఒకటి, ఊరందరికీ తెలిసిన పేరు మరొకటి. దత్తత వెళ్లినవారికి ఇంటిపేరు, గోత్రం మారతాయి. ఇల్లరికం వెళ్లినవారికి ఇంటిపేరు మారదు గానీ ఊరు మారుతుంది. మేనరికాల వల్ల ఒకే మనిషి తల్లి వైపునా, భార్య వైపునా కనిపిస్తాడు. మా బృందం ఒక కుటుంబంలో తాతను, మనుమడిని ఒకే మనిషిగా భావించి ఆరు నెలలు తిప్పలు పడింది. ఇరవై ఏళ్ల వయసులో పెళ్లి చేసుకున్న ఆ మనిషి, ఎనభై ఏళ్ల తరువాత ఒక రైల్వే గుత్తపనికి సంతకం పెట్టినట్టు తేలినప్పుడు గానీ మాకు అనుమానం రాలేదు.

అందుకే ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరుతో పాటు పిలుపు పేరు, స్త్రీలకైతే పుట్టినింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పనిసరిగా రాయాలి. ఈ ఒక్క నియమం పాటించకపోతే వంశవృక్షం చివరికి మగవారి జాబితాగా మిగిలిపోతుంది.

తద్దినాలు పెట్టే ఇళ్లలో మరొక మంచి ఆధారం ఉంది. పిండప్రదానంలో తండ్రిని వసు రూపంగా, తాతను రుద్ర రూపంగా, ముత్తాతను ఆదిత్య రూపంగా పేర్లు చెప్పి తలుస్తారు. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడా తర్పణాలలో వస్తాయి. ఆ పేర్లు రాసుకున్న చిన్న పుస్తకం పూజామందిరంలోనో, పురోహితుడి దగ్గరో ఉంటుంది. గయ, కాశీ వెళ్లి వచ్చినవారు ఉంటే, అక్కడి పండాలు యాత్రికుల పేర్లు, ఊళ్లు, వంశక్రమం రాసి ఉంచుకునే బహీల గురించి వాకబు చేయాలి. ఏ ప్రాంతపు యాత్రికులను ఏ పండా కుటుంబం చూస్తుందో అక్కడ పంపకం ఉంటుంది కాబట్టి, మీ పూర్వుల ఊరు, పాత జిల్లా పేరు తెలియకుండా వెళితే ప్రయోజనం ఉండదు.

తారీఖుల లెక్క

పాత జాతకంలో ‘ప్రజోత్పత్తి సంవత్సర శ్రావణ బహుళ పంచమి, గురువారం’ అని ఉందనుకుందాం. ప్రజోత్పత్తి 1871లోనూ వచ్చింది, 1931లోనూ వచ్చింది. అరవై ఏళ్ల తేడా అంటే రెండు తరాలు. తాత పేరు మనుమడికి పెట్టే ఇళ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. రెండు సంవత్సరాలలోనూ ఆ తిథి ఏ వారం వచ్చిందో పంచాంగ గణితం తెలిసినవారితో లెక్క కట్టించి, జాతకంలోని వారంతో సరిపోయిన సంవత్సరాన్ని తీసుకోవాలి. సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి మాఘ ఫాల్గుణాలలో పుట్టినవారికి ఇంగ్లీషు సంవత్సరం ఒకటి ముందుకు జరుగుతుందని మరచిపోకూడదు.

రెవెన్యూ కాగితాలలో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1342 అంటే మద్రాసు రాష్ట్రపు జిల్లాలలో 1932 జులై నుంచి 1933 జూన్ వరకు. నైజాం ఫసలీకీ ఇదే లెక్క గానీ, అది అక్టోబరులో, ఆజూరు నెలతో మొదలయ్యేది.

తేదీ చెప్పలేని పెద్దలు సంఘటనలు చెబుతారు. డొక్కల కరువు లేదా నందన కరువు అంటే గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832–33 నాటి కరువు. ధాత కరువు అంటే 1876లో మొదలై రాయలసీమను పీడించినది. బందరు ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. మూసీ వరద 1908 సెప్టెంబరులో వచ్చింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను మంచాన పడవేసింది. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగింది. పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే పుష్కరాలు కూడా ఇలాగే ఉపయోగపడతాయి: గోదావరికి 1979, 1991, 2003, 2015, కృష్ణకు 1980, 1992, 2004, 2016. ‘గోదావరి పుష్కరాలనాటికి నేను చంటిపిల్లను’ అన్న మాటను ఏ పుష్కరమో తేల్చుకుని రాసుకుంటే రెండేళ్ల తేడాలో వయసు దొరుకుతుంది.

భూమి కాగితాలు

నా అనుభవంలో కుటుంబ చరిత్రకు అన్నిటికన్నా నమ్మదగినవి భూమి కాగితాలే. మనిషి పుట్టుకను నమోదు చేయని ఇల్లు కూడా సెంటు భూమిని నమోదు చేయకుండా ఉండదు. భూమి లేని కుటుంబాల విషయంలో ఈ దారి సగంలోనే ఆగుతుందన్నది నిజం; వారికి పనికివచ్చేవి తరువాతి భాగాలలో చెబుతాను.

ఒక పాత పంపకాల దస్తావేజును చేతిలోకి తీసుకుని చూడండి. మొదటి వాక్యంలోనే రాసి ఇచ్చినవారి పేరు, తండ్రి పేరు, కాపురం ఉన్న ఊరు, వృత్తి, సుమారు వయసు ఉంటాయి. తరువాత ‘మా పితామహులవారు ఫలానా సంవత్సరంలో కాలధర్మం చెందినందున’ అనే తరహాలో, పంపకానికి దారితీసిన మరణాల వరుస ఉంటుంది. ఈ మరణాలు మరెక్కడా నమోదై ఉండకపోవచ్చు. వితంతువైన తల్లికో, పెళ్లి కాని చెల్లెలికో మనోవర్తి కింద, పసుపుకుంకుమ కింద ఇచ్చిన భాగం రాసేచోట స్త్రీల పేర్లు కనిపిస్తాయి. ఆపైన చెక్కుబందీ: తూర్పున ఎవరి భూమి, దక్షిణాన ఎవరిది, పడమట ఎవరిది, ఉత్తరాన ఏ డొంక. సరిహద్దు రైతులలో ఇద్దరు ముగ్గురు అదే ఇంటిపేరు వారైతే, ఆ నాలుగు ముక్కలూ ఒకప్పుడు ఒకే కమతమని, వారందరూ దాయాదులని అనుమానించడానికి కారణం దొరికినట్టే. చివరన సాక్షులు, రాసిన దస్తూరీదారు, వేలిముద్ర వేసినవారి గుర్తు. ఒక్క దస్తావేజు నుంచి పదిహేను మంది పేర్లు రాయడం మామూలు విషయం; బృందంలో కొత్తగా చేరినవారికి మేము మొదట ఇచ్చే అభ్యాసం ఇదే.

సొంత దస్తావేజు పోయినా దాని నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో నకలవుతాయి. వాటికి మనుషుల పేర్ల మీద ఒక సూచిక, ఆస్తుల మీద ఒక సూచిక ఉంటాయి. రుసుము చెల్లించి ఎవరైనా ఈ పుస్తకాన్ని చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో ఉంటాయి. రాసినవారు మరణించిన తరువాత వాటి నకళ్లనూ ఎవరైనా అడగవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఇటీవలి దశాబ్దాలకే పరిమితం. అంతకు ముందు వాటికి సర్వే నంబరు, ఊరు, సంవత్సరాల అంచనా రాసుకుని కార్యాలయానికి వెళ్లి చేతితో వెదికించుకోవాలి.

రెవెన్యూ వైపు ఆంధ్ర జిల్లాలలో శిస్తును తిరిగి నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, దాని ద్విభాషా రూపమైన డైగ్లాట్, ఏటేటి సాగు లెక్కలైన అడంగళ్లు చూడాలి. తెలంగాణలో సర్వే తరువాత రాసిన మూల రిజిస్టరైన సేత్వారు, అడంగలు వంటిదే అయిన 1954–55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి పహాణీలు చూడాలి. పట్టాదారు పేరు ఎప్పుడు మారిందో, ఆ ముందు సంవత్సరంలోనే పెద్దాయన పోయి ఉంటాడని ఊహించకండి; బతికుండగానే కొడుకుల పేర పెట్టినవారూ ఉన్నారు, పోయిన ఇరవై ఏళ్లకు మార్చుకున్నవారూ ఉన్నారు. గ్రామ కరణాల వ్యవస్థ ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయింది. ఆ కుటుంబాల ఇళ్లలో పాత లెక్కల కట్టలు ఇంకా ఉన్న సందర్భాలు లేకపోలేదు, కాబట్టి వారితో సఖ్యంగా ఉండడం మంచిది.

ఇనాం భూమి అనుభవించిన కుటుంబాలు, అంటే అర్చకులు, వేదవృత్తులవారు, ఊరి సేవక వృత్తులవారు, దర్గా, మసీదు సేవకులు, 1858లో మద్రాసు ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఇనాం కమిషన్ తయారు చేసిన రిజిస్టర్లను తప్పక వెదకాలి. మొదట దానం ఎవరు, ఎవరికి ఇచ్చారు, రిజిస్టరు రాసేనాటికి అనుభవిస్తున్నవారెవరు అనే వివరాలు వాటిలో వరుసగా గడులలో ఉంటాయి. 1860 ప్రాంతంలో జీవించి ఉన్న ముత్తాత తండ్రి పేరు, మొదట దానం పొందిన మూలపురుషుడి పేరు ఒకే వరుసలో దొరికే అవకాశం మరో కాగితానికి లేదు.

ఒక హెచ్చరిక. పాత భూముల గురించి ఆరా తీస్తూ ఊళ్లోకి వెళ్లేవారిని చూసి, ‘వాటా అడగడానికి వచ్చారు’ అని దాయాదులు భయపడడం చాలా సహజం. అందుకని ముందు ఆ కుటుంబానికి పరిచయమున్న ఊరి మనిషిని వెంట తీసుకువెళ్లి, వచ్చిన పని చెప్పి, ఎవరి కాగితాలూ బయటికి తీసుకుపోకుండా అక్కడే ఫొటో తీసుకుని వెనక్కి ఇవ్వాలి.

బడి, చర్చి, ఖాజీ, ఓడ

పాత బడుల అడ్మిషన్ రిజిస్టర్లలో తండ్రి లేదా సంరక్షకుడి పేరు, వృత్తి, ఊరు ఉంటాయి. పుట్టినతేదీని మాత్రం నమ్మకండి. బడిలో వేయడానికి వయసు చాలేలా పంతులుగారు వేసిన తేదీ అయి ఉండవచ్చు, ఒక తరగతిలో సగం మంది జులై 1న పుట్టారంటే కారణం అదే. జననమరణాల రిజిస్టరులో వెదికించి నకలు పొందే హక్కు 1969 చట్టం అందరికీ ఇచ్చింది. ఇతర దేశాల మార్గదర్శకాలు చదివి జనాభా లెక్కల ఇంటివారీ పత్రాలు చూడవచ్చని ఆశపడేవారుంటారు. మన దేశంలో 1948 నాటి సెన్సస్ చట్టం వ్యక్తుల వివరాలను గోప్యంగా ఉంచుతుంది కాబట్టి ఆ దారి లేదు.

క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మపు రిజిస్టర్లు గొప్ప ఆధారం. లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నానికి, అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరికి, లూథరన్లు 1842లో గుంటూరుకు వచ్చారు. మీ పూర్వులు ఏ మిషన్‌లో చేరారో తెలుసుకుంటే ఏ సంఘాన్ని అడగాలో తేలుతుంది. బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకున్నవారి పాత పేరు పక్కనే రాసి ఉందేమో చూడాలి. ముస్లిం కుటుంబాలు నికా వివరాలు రాసే ఖాజీల సియాహా పుస్తకాలను అడగాలి. దక్షిణాఫ్రికా, మారిషస్ వెళ్లిన కూలీల వారసులకు ఓడల జాబితాలున్నాయి. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నాటాల్ రేవైన డర్బన్ చేరింది, నాటాల్ జాబితాలలో తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు నమోదై ఉన్నాయి. మారిషస్ పత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. ఇంగ్లీషు గుమాస్తా విన్నట్టుగా రాసిన ఊరి పేరును పైకి చదివి, తెలుగు చెవితో వినాలి.

వంశం చెప్పేవారు

కాగితం లేని కుటుంబాలకు కూడా చరిత్ర చెప్పేవారు తెలుగునాట ఉన్నారు. రెడ్ల ఇళ్లలో పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలి, చిందువారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు కులపురాణాలతో పాటు గోత్రాలు, ఇంటిపేర్లు చెబుతూ వచ్చారు. కొందరు బొమ్మల పటం పరచి కథ చెబుతారు. వారి కథనంలో పై భాగం పురాణం, దానిని పురాణంగానే రాసుకోవాలి. కింది భాగంలో ఏ ఇల్లు ఏ ఊరు నుంచి వచ్చింది, ఎవరు ఎప్పుడు సంభావన ఇచ్చారు అనే జ్ఞాపకం ఉంటుంది, బృందానికి కావలసింది అది. ఊరికే రికార్డు చేసుకుని రావడం మర్యాద కాదు. తరతరాలుగా వారికి రావలసిన సంభావన ఇచ్చి, వారి పేరుతోనే ఆ సమాచారాన్ని నమోదు చేయాలి.

గ్రంథాలయాలు, ఆర్కైవ్స్

ఊరి పుట్టుపూర్వోత్తరాలకు కర్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులు, అంటే గ్రామ వృత్తాంతాలు చూడాలి. 1821లో ఆయన మరణించేనాటికి, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి సహాయకులు ఊరూరా కరణాల దగ్గర రాయించిన వృత్తాంతాలు గుట్టలుగా పోగయ్యాయి. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చువేసింది. వీటిలో సామాన్య కుటుంబాల పేర్లు దొరకడం అరుదు; ఊరు ఎప్పుడు కట్టారు, కరణీకం ఎవరిది, ఏ చెరువు ఎవరు తవ్వించారు అనే విషయాలు దొరుకుతాయి. 1953 వరకు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నందున చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, నైజాం పత్రాలకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ వెదకాలి. వెళ్లేముందు ఊరు, పాత తాలూకా, సంవత్సరం, కావలసిన రిజిస్టరు పేరు ఒక కాగితం మీద రాసుకోకపోతే రోజంతా వృథా అవుతుంది.

1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో మొదలైన ఆంధ్రపత్రిక వంటి పాత పత్రికల సంపుటాలలో విరాళాల జాబితాలు, సత్యాగ్రహంలో అరెస్టయినవారి పేర్లు ఉంటాయి. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఇలాంటి పని మీద వెళ్లదగిన చోట్లు. డీఎన్‌ఏ పరీక్షల గురించి ఒక్క మాట: తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు, మేనరికాలు చేసుకుంటున్న కుటుంబాలలో దూరపు బంధువు కూడా దగ్గరివాడిగా కనిపిస్తాడు కాబట్టి, ఆ డబ్బును నకళ్లకు ఖర్చు చేయడం మేలని నా అభిప్రాయం.

రాసి భద్రపరచడం

ప్రతి వివరం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలి: ‘1931 దస్తావేజు’, ‘పెద్దమ్మ చెప్పింది, రికార్డు 7’, ‘ఊహ’. ఊహ అని రాయడానికి సిగ్గుపడనక్కరలేదు. రాయకపోతే పదేళ్ల తరువాత అదే నిజమై కూర్చుంటుంది. గ్రాంప్స్ వంటి ఉచిత వంశవృక్ష సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లిపిలోనే పేర్లు ఎక్కించవచ్చు. దానినుంచి జెడ్‌కామ్ (GEDCOM) అనే, వంశవృక్ష సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఫైలు రూపంలో ఒక ప్రతి తీసి ఉంచితే రేపు మరో సాఫ్ట్‌వేర్‌కు మారినా ఇబ్బంది ఉండదు. ఫొటోలను లామినేషన్ చేయించకూడదు, వెనుక ఉన్న రాతను కూడా స్కాన్ చేయాలి, గుర్తుపట్టినవారి పేర్లను ఫొటో మీద కాక విడి కాగితం మీద రాయాలి. తాటాకులకు ఎవరో చెప్పిన నూనె పూయడం కన్నా అలాగే గుడ్డలో చుట్టి ఉంచి ఫొటోలు తీసుకోవడం క్షేమం.

జీవించి ఉన్నవారి వివరాలు వారి అనుమతి లేకుండా బృందం దాటి పోకూడదు. దత్తతలు, రెండో పెళ్లిళ్లు, ఇల్లు విడిచి వెళ్లినవారి సంగతులు తప్పకుండా బయటపడతాయి; వాటిని చెరిపివేయడం తప్పు, చాటింపు వేయడమూ తప్పు. మా బృందం ఇలాంటివాటిని విడి కవరులో పెట్టి, ఆ కుటుంబం వారు చెప్పిన సంవత్సరం వరకు తెరవకూడదని పైన రాసి ఉంచుతుంది. ఒక కుటుంబం పని పూర్తయిన తరువాత మూడు ప్రతులు ముద్రించి, ఒకటి ఆ ఇంటికి, ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇచ్చి, మూడోదానిలో ప్రతి పేజీ పక్కన సగం ఖాళీ వదిలి బృందం దగ్గర ఉంచుకుంటాము. పుస్తకం చేతికి వచ్చిన వారంలోపే ‘మా అత్తయ్య పేరు తప్పుపడింది’ అంటూ ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ఆ సవరణ రాయడానికే ఆ ఖాళీ.